ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు: ట్యాబ్‌లో టూర్ ఫోటోల ఎడిటింగ్, స్టోరేజీ

సెమిస్టర్ సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో టూర్ ప్లాన్లు మొదలవుతాయి. ల్యాప్‌టాప్ బరువని చాలామంది ఇప్పుడు ట్యాబ్ ఒక్కటే బ్యాగులో వేసుకుని పోతున్నారు. ఫోన్‌తోనో కెమెరాతోనో తీసిన ఫోటోలు ట్యాబ్‌లోకి దింపి, అక్కడే ఎడిట్ చేసి, అక్కడే ఉంచేస్తున్నారు. ఈ పాఠం వాళ్ల కోసమే. యాప్‌ల రివ్యూ రాయడం లేదు. ఏ యాప్ వాడినా పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తాను. ఉదాహరణలు మాత్రం మా వైపువి, అంటే నల్గొండ జిల్లా మర్రిగూడ చుట్టుపక్కలవి.

అసలు ఎందుకింత జాగ్రత్త?

మర్రిగూడ నుంచి మాల్‌కి వచ్చి సాగర్ రోడ్డు ఎక్కితే చింతపల్లి, కొండమల్లేపల్లి దాటుకుంటూ నాగార్జునసాగర్ చేరతాం. డ్యామ్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండితే నాగార్జునకొండ లోయ మొత్తం మునిగిపోతుందని తెలుసు కాబట్టి, పురావస్తు శాఖ వాళ్లు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని అనుపుకి తరలించి మళ్లీ కట్టారు. ఇప్పుడు మనం లాంచీలో వెళ్లి చూసే దీవి ఆ కొండ పైభాగమే. లోయ మాత్రం నీళ్ల కింద ఉంది. అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అప్పుడు గీసిన ప్లాన్లు, రాసిన నోట్సు, తీసిన ఫోటోలే దిక్కు.

ఇది పాత కథే అనుకోవద్దు. మా మండలంలోనే శివన్నగూడెం దగ్గర డిండి ఎత్తిపోతల పథకం కింద రిజర్వాయర్ పనులు జరుగుతున్నాయి. ఇళ్లు, చెలకలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ముంపు ఊళ్లో వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని మీ ఫ్రెండ్ దిగిన ఫోటో ఈ రోజు ఒక మామూలు టూర్ ఫోటో. పదేళ్ల తర్వాత ఆ అరుగుకి అదొక్కటే సాక్ష్యం కావచ్చు. ఏ ఫోటో అలా మారుతుందో తీసే రోజు మనకి తెలియదు. అందుకే అన్నిటికీ ఒకటే సూత్రం: ఒరిజినల్ ఒక రికార్డు, ఎడిట్ చేసింది ఒక కాపీ. రికార్డుని ముట్టుకోవద్దు, కాపీతో ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు.

1. ముందు లెక్క వేసుకోండి

12 మెగాపిక్సెల్ జేపెగ్ ఫోటో ఒకటి దాదాపు 4 ఎంబీ ఉంటుంది. హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో అయితే అందులో సగం. రా ఫైల్ అయితే కొన్ని రెట్లు ఎక్కువ. ఒక రోజు టూర్‌లో 300 ఫోటోలు తీశాం అనుకోండి, 1200 ఎంబీ. 4కె వీడియో మామూలు కోడెక్‌లో నిమిషానికి 350 ఎంబీ దాకా తింటుంది. పది నిమిషాలంటే 3.5 జీబీ. మొత్తం 4.7 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి ఫోటోలకి అపరిమిత ఉచిత స్టోరేజీ లేదు. అంటే మూడు టూర్లకే క్లౌడ్ నిండిపోతుంది. 64 జీబీ ట్యాబ్‌లో కూడా సిస్టమ్, యాప్‌లు పోగా మిగిలేది మీరనుకున్నంత ఉండదు. బయల్దేరే ముందే సెట్టింగ్స్‌లో ఖాళీ ఎంతుందో చూసుకోండి.

2. దింపడం, పేర్లు పెట్టడం

ఓటీజీ కార్డ్ రీడర్ ఉంటే కెమెరా కార్డు నుంచి నేరుగా ట్యాబ్‌లోకి కాపీ చేయవచ్చు. ఇక్కడ "మూవ్" వాడొద్దు, "కాపీ" వాడండి. కాపీ మధ్యలో ఛార్జింగ్ అయిపోయినా కార్డులో ఒరిజినల్ ఉంటుంది. అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో లేదో చూడండి. మన బ్రాంచి వాళ్లయితే షా-256 హాష్ కూడా పోల్చుకోవచ్చు. హాష్ ఒకటే అయితే ఫైల్ ఒక్క బిట్ కూడా మారలేదని నమ్మొచ్చు. ఈ చెకింగ్ అయ్యాకే కార్డు ఖాళీ చేయాలి.

ఫోల్డర్ పేరు సంవత్సరం-నెల-తేదీ వరుసలో పెట్టండి. "2025-01-14_దేవరకొండ" లాగా. తేదీతో మొదలుపెట్టి 14-01-2025 అని రాస్తే, పేర్ల వరుసలో సార్ట్ చేసినప్పుడు అన్ని నెలల 14వ తేదీలూ ఒకచోట చేరి కూర్చుంటాయి. ఆ ఫోల్డర్ లోపల రెండు ఫోల్డర్లు: "ఒరిజినల్", "ఎడిట్". మొదటి దాంట్లోకి ఎడిటింగ్ యాప్‌ని రానివ్వకండి.

3. ఎడిటింగ్: ఫోటో ఏం చెప్పాలో ముందు తేల్చుకోండి

కూర్చోగానే ట్యాబ్‌లో నైట్ లైట్, ఐ కంఫర్ట్, ట్రూ టోన్ లాంటివి ఆపేయండి. స్క్రీనే పసుపుగా ఉంటే మీరు ఫోటోని నీలంగా మార్చేసి "ఇప్పుడు బాగుంది" అనుకుంటారు. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపి, మధ్యస్థంగా పెట్టుకోండి.

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ. నల్గొండ పక్కన పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్ల గుడి. ఒక గర్భగుడిలో శివలింగం మీద స్తంభం లాంటి నీడ పగలంతా కనిపిస్తుంది, ఎండ ఎటు తిరిగినా కదలదు. నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడైతే సూర్యుడితో పాటు కదలాలి కదా. మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఇలా ఏర్పడుతుందని వివరిస్తారు. గుడి పేరులోని "ఛాయ" ఈ నీడే.

లోపల ఫోటో తీసుకోవచ్చా అని పూజారి గారిని అడిగి తీసుకున్నారనుకుందాం. ట్యాబ్‌లో తెరవగానే చీకటిగా కనిపిస్తుంది. చెయ్యి అలవాటుగా "ఆటో" మీదికి పోతుంది. ఆటో ఏం చేస్తుంది? చీకటి ఎక్కువుందని షాడోస్ పైకి లేపుతుంది. రాళ్లు, మూలలు అన్నీ స్పష్టంగా వస్తాయి, నీడ మాత్రం మాయమవుతుంది. మనం అంత దూరం పోయింది దేనికోసమో అదే పోయింది!

అందుకని స్లైడర్ కంటే ముందు ప్రశ్న రావాలి: ఈ ఫోటో ఏం చెప్పాలి? ఇక్కడ నీడ చెప్పాలి. కాబట్టి షాడోస్ జోలికి పోకుండా ఎక్స్‌పోజర్ కొంచెం పెంచండి. కాంట్రాస్ట్ కొంచెం పెంచితే నీడ అంచు తెలుస్తుంది. బయటి గుమ్మం తెల్లగా మండిపోతుంటే హైలైట్స్ తగ్గించండి. అప్పుడు హిస్టోగ్రామ్ చూడండి. గ్రాఫ్ కుడి గోడకి గుద్దుకుని ఉంటే అక్కడి వివరం పోయినట్టే, ఏ స్లైడర్ కూడా దాన్ని తిరిగి తేలేదు.

రెండో ఉదాహరణ దేవరకొండ కోట. కొండమల్లేపల్లి నుంచి దగ్గరే. రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట, కొండల మీదుగా పోయే రాతి గోడలు. ఇక్కడ చేయాల్సినవి మూడే. ఒకటి, ఫోటో ఒరిగి ఉంటే స్ట్రెయిటెన్ చేయడం. రెండు, వైట్ బ్యాలెన్స్. సాయంత్రం ఎండలో రాయి కొంచెం పసుపెక్కడం సహజం, కానీ ఫిల్టర్ వేసి నారింజ పండు రంగు తెస్తే అది మన రాయి కాదు. మూడు, క్రాప్. పక్కన మనిషో మెట్లో ఉంటే వాటిని కోసేయకండి. అవి ఉంటేనే గోడ ఎంత ఎత్తో చూసేవాళ్లకి అర్థమవుతుంది.

కరెంటు తీగలు, చెత్త, పక్కనున్న జనం కనిపించకుండా చెరిపే టూల్స్ ఇప్పుడు అన్నిట్లో ఉన్నాయి. వాల్‌పేపర్ కోసం చెరుపుకోండి, తప్పేం లేదు. కానీ ఫైల్ పేరులో "మార్చినది" అని రాయండి. లేకపోతే కొన్నేళ్ల తర్వాత ఆ తీగ అక్కడ ఉండేదో లేదో మీకే గుర్తుండదు.

4. మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ఏమవుతుంది?

జేపెగ్ ఫోటోని 8 బై 8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడికి డీసీటీ అనే లెక్క కట్టి, మన కంటికి అంతగా ఆనని సన్నని వివరాల్ని గుండు అంకెలుగా చేసి వదిలేస్తుంది. ఈ డీసీటీని 1974లో పేపర్‌గా ప్రచురించిన ముగ్గురు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. నసీర్ అహ్మద్ పుట్టింది బెంగళూరులో. కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు. మన గ్యాలరీలో ఉన్న ప్రతి జేపెగ్ వెనకా వీళ్ల లెక్కే ఉంది.

వదిలేసిన వివరం తిరిగి రాదు. ఎడిట్ చేసి సేవ్, దాన్నే తెరిచి మళ్లీ ఎడిట్, మళ్లీ సేవ్ అంటూ పోతే నష్టం పోగవుతుంది. ఆకాశంలో చారలు, రాతి అంచుల దగ్గర మసక వస్తాయి. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు అన్నమాట. దీనికి మందు: "సేవ్" కాకుండా "సేవ్ కాపీ" లేదా "ఎక్స్‌పోర్ట్" వాడటం. ఇంకో మార్పు కావాలంటే ఎడిట్ కాపీని కాదు, ఒరిజినల్‌నే తెరిచి కొత్తగా కాపీ తీయాలి. లైట్‌రూమ్ లాంటివి మార్పుల్ని సూచనలుగా విడిగా రాసుకుంటాయి, ఒరిజినల్ జోలికి పోవు.

5. మనుషుల ఫోటోలు

మర్రిగూడ మండలం పేరు చాలామంది మొదట విన్నది ఫ్లోరైడ్ వార్తల్లోనే. వంగిపోయిన కాళ్లతో ఉన్న అవ్వల, తాతల ఫోటోలు ఏళ్ల తరబడి పత్రికల్లో వచ్చాయి. శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి జీవితమంతా ఆ సమస్య మీద పోరాడారు. అలాంటి ఫోటోల వల్ల మంచినీళ్ల గురించి దేశం మాట్లాడింది, నిజమే. కానీ మనం టూర్‌కి పోయి అడగకుండా తీసే ఫోటో వేరు. "అవ్వా, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి. ఎడిటింగ్‌లో జాలి పుట్టించడానికి నలుపు పెంచొద్దు, అందం కోసం ముడతలు నున్నగా చేయొద్దు. వీలైతే ప్రింట్ తీసి ఇవ్వండి, వాళ్లు గోడకి పెట్టుకుంటారు.

6. దాచడం: 3-2-1

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. మనకి సరిపడేలా చెప్పాలంటే: ట్యాబ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్ లేదా హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. క్లౌడ్ సరిపోకపోతే రెండో పెన్‌డ్రైవ్ ఊళ్లో ఇంట్లో పెట్టండి, మొదటిది హాస్టల్‌లో. పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన వీడియో పట్టదు. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడేసిన పెన్‌డ్రైవ్‌ని నమ్మలేం. ఏడాదికోసారి పెట్టి తెరిచి చూడండి.

చాలామందికి తెలియని విషయం: సింక్ అంటే బ్యాకప్ కాదు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోని యాప్‌లోనే డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా పోతుంది. ట్రాష్‌లో 60 రోజులుంటుంది, తర్వాత అంతే. ట్యాబ్‌లో జాగా కావాలంటే డిలీట్ కాదు, "ఫ్రీ అప్ స్పేస్" నొక్కాలి. అలాగే "స్టోరేజీ సేవర్" పెట్టుకుంటే ఫోటోని మళ్లీ కుదించి దాస్తుంది. రికార్డు కోసమైతే "ఒరిజినల్ క్వాలిటీ" పెట్టుకోండి.

వాట్సాప్ అసలు స్టోరేజీయే కాదు. ఫోటోని మామూలుగా పంపితే చిన్నదవుతుంది, తీసిన తేదీ, లొకేషన్ లాంటి ఎక్సిఫ్ వివరాలు కూడా పోతాయి. ఫ్రెండ్ నుంచి ఒరిజినల్ కావాలంటే "డాక్యుమెంట్‌గా పంపు" అని అడగండి. 2 జీబీ ఫైల్ దాకా వస్తుంది. పబ్లిక్‌గా పోస్ట్ చేసేటప్పుడు మాత్రం ఇంటి లొకేషన్ తీసేయడమే మంచిది.

7. పేరు లేని ఫోటో సగం ఫోటోనే

ఎక్సిఫ్ తేదీ చెప్తుంది, జీపీఎస్ చోటు చెప్తుంది. ఆ బావి ఎవరు తవ్వించారో, ఆ చెలకని ఊళ్లో ఏమని పిలుస్తారో, పక్కన నిలబడింది ఎవరో చెప్పదు. యాప్‌లో రాసిన క్యాప్షన్ ఫైల్‌తో పాటు అన్నిచోట్లకీ రాదు. అందుకే ప్రతి ఫోల్డర్‌లో "వివరాలు" అని ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టండి. ఫోటో నంబర్, ఊరు, ఏం కనిపిస్తోంది, ఎవరు చెప్పారు, ఇవి చాలు. తెలుగులోనే రాయండి, యూనికోడ్ కాబట్టి ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు టైపింగ్ రాదనేవాళ్లకి ఇంతకంటే మంచి ప్రాక్టీసు లేదు.

అభ్యాసం

ఈ సెలవుల్లో మీ ఊళ్లోనే పది ఫోటోలు తీయండి. గుడి, చెరువు కట్ట, పాత ఇల్లు, బస్టాండ్, ఏదైనా. ఒరిజినల్, ఎడిట్ ఫోల్డర్లు విడిగా చేయండి. ఒక్కో దానికి మూడు స్లైడర్లకి మించి వాడొద్దు. వివరాలు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. మూడు చోట్ల దాచండి. తర్వాత ట్యాబ్ కాపీ లేదనుకుని, మిగతా రెండు చోట్ల నుంచి పది ఫోటోలూ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు. పదీ వచ్చాయంటే పాఠం పూర్తయినట్టే, ఇక ధైర్యంగా టూర్‌కి పోండి.