నీలకంఠ రొయ్య పిల్లను పల్నాడుకు తెచ్చేటప్పుడు

నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీటిలోనే. కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటి కొన్ని వారాలు ఉప్పు కలిసిన నీరు లేనిదే బతకదు. అందుకే హేచరీలు ఎక్కువగా సముద్రం పక్కనే ఉంటాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల చెరువులకు సీడ్, అంటే రొయ్య పిల్ల, సముద్రతీరం నుంచి ఆక్సిజన్ సంచుల్లో రావాల్సిందే. జబ్బు వచ్చే దారీ అదే.

తెల్లతోక జబ్బు 2000 తర్వాతి తొలి ఏళ్లలో నెల్లూరు హేచరీలను దెబ్బతీసింది. తోక కండ పాలలా తెల్లబడుతుంది, కొద్ది రోజుల్లోనే తొట్టెలోని పిల్ల దాదాపు అంతా పోవచ్చు. పెద్ద రొయ్యకు మాత్రం ఏమీ కాదు. ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను గుడ్ల ద్వారా పిల్లకు అంటిస్తుంది. కాబట్టి తల్లి రొయ్య బాగుందన్న మాట మీద సీడ్ కొనకండి.

చేయవలసినవి

సంచులు కట్టకముందే, మీరు కొనబోయే తొట్టెలోని పిల్లకే పీసీఆర్ పరీక్ష చేయించండి. తెల్లతోక, తెల్లమచ్చ జబ్బులు రెండింటికీ పరీక్ష అడగండి. నాలుగైదు పిల్లలను పంపితే ఆ ఫలితానికి విలువ లేదు. వందకు రెండింటికి వైరస్ ఉన్నా పట్టుబడాలంటే తొట్టె నలుమూలల నుంచి కనీసం 150 పిల్లలు తీయాలి. అప్పుడు కూడా నూటికి 95 వంతులే భరోసా. ఆ ఖర్చు దగ్గర వెనకాడకండి.

రాత్రి చల్లబడ్డాకే బండి బయలుదేరాలి. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. వేడికి నీరసించిన పిల్లలో అణగి ఉన్న జబ్బు పైకి వస్తుంది. చెరువు చేరాక సంచులను బయట శుభ్రమైన నీటితో కడిగి, కట్టు విప్పకుండా నీటి మీద తేలనిచ్చి, సంచి నీటి వేడి, చెరువు నీటి వేడి సమానమయ్యాక పిల్లను వలలో వడకట్టి వదలండి.

చేయకూడనివి

సంచిలో వచ్చిన నీటిని చెరువులో పోయవద్దు. డ్రమ్ములో పట్టి, వెయ్యి లీటర్లకు సుమారు 100 గ్రాముల మంచి బ్లీచింగ్ కలిపి ఒక రాత్రి ఉంచి, కాలువకూ చెరువుకూ దూరంగా పారబోయండి. ఖాళీ సంచులు గట్టు మీద వదలవద్దు. ఒకే వల, ఒకే బకెట్టు రెండు చెరువుల్లో తిప్పవద్దు.

అన్నిటికంటే పెద్ద తప్పు, చచ్చిపోతున్న సీడ్‌ను, జబ్బు చెరువు నీటిని సాగర్ కుడి కాలువలోకో కృష్ణలోకో వదిలేయడం. చెరువునైతే ఎండగట్టి, సున్నం చల్లి మళ్లీ మొదలుపెట్టవచ్చు. నదిని ఎండగట్టలేం. అక్కడి రొయ్యలకు జబ్బు అంటితే కృష్ణ మీద బతికే వేటగాళ్లు ఏం చేయాలి? చావులు మొదలైతే తూము మూసేసి, చచ్చిన పిల్లను సున్నంతో లోతుగా పూడ్చి, అదే రోజు మీ గ్రామ మత్స్య సహాయకుడికి చెప్పండి. అదే హేచరీ నుంచి సీడ్ తెచ్చుకున్న పక్క రైతుకూ ఫోన్ చేయండి.