అందరికీ ఒకటే గడియారం

ప్రశ్న: రెండు ఏడీ9833 సిగ్నల్ మాడ్యూళ్లకు ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చినా తరంగాలు ఒకదాన్నొకటి దాటిపోతున్నాయి. ఎందుకు? (పద్మానగర్, భివాండి)

జవాబు: ప్రతి మాడ్యూల్‌లోనూ సొంతంగా 25 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంటుంది. ఏ రెండు ఆసిలేటర్లూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. తేడా పది లక్షల్లో ఒక వంతే అయినా, 1 కిలోహెర్ట్జ్ తరంగాలు 1000 సెకన్లలో ఒక పూర్తి ఆవృత్తి మేర పక్కకు జరుగుతాయి.

భివాండి మరమగ్గంలో పన్నెను కొట్టే క్రాంక్ షాఫ్టూ, నాడెను విసిరే బాటమ్ షాఫ్టూ పళ్ల చక్రాలతో ముడిపడి ఉంటాయి. అందుకే వాటి 2:1 నిష్పత్తి ఎన్ని గంటలు నడిచినా తప్పదు. మాడ్యూళ్లకూ అలాంటి ముడే కావాలి.

ముందుగా రెండో మాడ్యూల్ ఆసిలేటర్‌ను తీసేసి, మొదటిదాని క్లాక్‌ను పొట్టి తీగతో రెండోదాని ఎంసీఎల్‌కే పిన్‌కు ఇవ్వాలి. గ్రౌండ్ కూడా కలపాలి. మాడ్యూళ్లు ఎక్కువైతే మధ్యలో బఫర్ చిప్ పెట్టి, తీగలన్నీ సమాన పొడవులో ఉంచాలి. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో ప్రతి మీటరుకూ దాదాపు 5 నానోసెకన్ల ఆలస్యం వస్తుంది.

క్లాక్ కలిస్తే వేగం కలుస్తుంది గానీ మొదలయ్యే క్షణం కలవదు. అందుకు రెండింటినీ రీసెట్‌లో ఉంచి, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ విలువలు విడివిడిగా రాయాలి. తర్వాత రెండు ఎఫ్‌సింక్ పిన్‌లనూ ఒకేసారి దించి, రీసెట్ తొలగించే ఆదేశాన్ని ఉమ్మడిగా పంపాలి.

ఫేజ్ రిజిస్టర్ 12 బిట్లది. పూర్తి ఆవృత్తికి 4096 మెట్లు. 90 డిగ్రీల తేడా కావాలంటే రెండోదానిలో 1024 రాస్తే చాలు.