భవన నిర్మాణం - పర్యావరణ ప్రభావ మదింపు

కట్టడం వల్ల నేల, నీరు, గాలికి కలిగే నష్టాన్ని పునాది తవ్వకముందే లెక్కగట్టి, దాన్ని తగ్గించే మార్గాలు సూచించడమే పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ).

• చట్టం: పర్యావరణ పరిరక్షణ చట్టం-1986 కింద తొలి ఈఐఏ నోటిఫికేషన్ 1994లో వెలువడింది. దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న కొత్తది వచ్చింది.

• పరిధి: 2006 నోటిఫికేషన్ ప్రకారం నిర్మిత వైశాల్యం 20,000 చ.మీ., ఆపైన ఉన్న భవనాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం.

• జీవితచక్ర మదింపు: ముడిసరకు తవ్వకం నుంచి కూల్చివేత వరకు ప్రతి దశ ప్రభావాన్నీ లెక్కిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14040.

• సిమెంట్: సున్నపురాయిని కాల్చి సిమెంట్‌కు మూలమైన క్లింకర్ తయారుచేసేటప్పుడు రాయిలోని కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఫ్లైయాష్, స్లాగ్ కలిపితే క్లింకర్ వాడకం, దాంతోపాటు ఉద్గారాలూ తగ్గుతాయి.

• ఇంధన పొదుపు: ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) రూపొందించిన ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ) 2007లో వచ్చింది.

• రేటింగ్: హరిత భవనాలకిచ్చే 'గృహ' రేటింగ్‌ను పరిశోధన సంస్థ టెరి, కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి రూపొందించాయి. గరిష్ఠం 5 నక్షత్రాలు.

• హైదరాబాద్: సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ దేశంలో 'లీడ్' అనే మరో హరిత భవన రేటింగ్‌లో ప్లాటినం స్థాయి పొందిన తొలి భవనం (2003).

గమనిక: ఈఐఏ నిర్మాణానికి ముందు ఇచ్చే అనుమతికి ఆధారం, రేటింగ్ భవనం పనితీరుకు కొలమానం. ఈ తేడాను అభ్యర్థులు స్పష్టంగా గుర్తుంచుకోవాలి.