పాట పేరు, పేరు తోక

పాణ్యము.

చిరంజీవి మనుమరాలికి తాత దీవించి వ్రాయునది.

మీ జపనీయభాషా తరగతి ముగియు దినమున పాటల పోటీ పెట్టుచున్నారనియు, ఒకరు పాడిన పాట పేరులోని కడపటి అక్షరముతో మొదలగు పేరుగల పాటనే తరువాతివారు కరావోకేలో పాడవలెననియు, అందులకు ఏయే పాటలు నేర్చుకొనవలెనో చెప్పుమనియు నీవు వ్రాసిన జాబు చేరినది. "అంత్యాక్షరే కదా తాతా, నీకు తెలియందా" అని కొసరు కూడ వ్రాసితివి. తెలిసినదే యని తలచుటవలననే నేనొకమాఱు భంగపడితిని గనుక ముందుగా ఆ కథ వినుము.

మీ నాన్న కోబెలో ఉద్యోగము చేయుచుండిన కాలమున నేనచట మూడు మాసములుంటిని. ఒక రాత్రి అతని స్నేహితులు నన్ను కరావోకే గదికి కొనిపోయిరి. ఆ యంత్రము పుట్టినదియు ఆ యూరనే: 1971లో ఇనోఉఎ దైసుకె యను వాద్యకారుడు, తాను వెంట లేకున్నను పాడువారికి తన వాద్యము దొరకునట్లు పెట్టెలు చేయించి మద్యశాలల కద్దెకిచ్చెను; పేటెంటు మాత్రము తీసికొనలేదు. 'కర' యనగా శూన్యము, 'ఓకె' యనునది ఆర్కెస్ట్రాకు వారి ముక్క. వెరసి మేళగాండ్రు లేని మేళము. గదిలో టెలిఫోను డైరెక్టరీ యంత లావు పుస్తకమొకటి, పాటలన్నియు పేర్ల వరుసను, గాయకుల వరుసను కూర్చినది, బల్లపై నుండెను. నాకు తెలిసిన జపాను పాట యొకటే: సకమొతొ క్యూ 1961లో పాడగా, 1963లో అమెరికా పట్టికలో మొదటి స్థానమున కెక్కినది. లోకమంతయు నెఱిగిన పేరే కదా యని నేను ధీమాగా "సుకియాకి" యంటిని. కుఱ్ఱవాడు వినయముగా వంగి, బయటికి పోయి, వంటకముల పట్టిక తెచ్చి నా ముందుంచెను! సుకియాకి యనునది మాంసముతో వండుకొను ఒక వంటకము. పాటకును దానికిని ఏ సంబంధమును లేదు. పరదేశపు రికార్డు వ్యాపారులు నోరు తిరుగుటకై తగిలించిన పేరది. స్వదేశమున ఆ పాట 'ఉఎ ఒ ముఇతె అరుకో', అనగా పైకి చూచుచు నడచెదము అని. పుట్టు శాకాహారినగు నేను ఆ పట్టికను చేతబట్టుకొని కూర్చున్న తీరు మీ నాన్న నేటికిని అభినయించి చూపును.

ఇందలి కిటుకేమనగా, మన పాటకు వేఱు పేరు లేదు. త్యాగయ్య కృతియైనను సినిమా పాటయైనను పల్లవి నోటికి వచ్చినచో పేరు వచ్చినట్లే. వారికెల్లప్పుడును అట్లు కాదు, ఎత్తుగడ యొకటి, పేరొకటి కావచ్చును. తాకి రెంతారో 1901లో స్వరపఱచిన 'కోజో నొ త్సుకి' పేరున కోటయు చంద్రుడును ఉండగా పాట వసంతముతో మొదలగును. కావున పాట కంటె ముందు పేరును, దాని తోకతో సహా కంఠస్థము చేయుము. ఈ ఆటను వారు 'షిరితొరి' యందురు, తోక పట్టుకొనుట యని చెప్పుకొనవచ్చును.

తోకలలో ఒక్కటి మాత్రము విషము. మన తెలుగువలెనే వారి మాటయు అచ్చుతోనే ముగియును గాని, ఒక్క 'న్' మాత్రము, మన సున్నవలె, చివర నిలువగలదు. దానితో మొదలగు మాట వారికి లేదు గనుక ఆ మాట పలికినవాడు ఓడినట్లే. బాలవ్యాకరణమున ద్రుతమని చదివినావే, ఆ నకారపు చుట్టమే యిది. మేము చిన్ననాడు పద్యములతో ఆడునపుడు పాదము పొల్లుతో ముగిసినచో దానిని విడిచి ముందరి అక్షరమును తీసికొనెడివారము. వారికి ఆ దయ లేదు. నీ పట్టికలో మొదటనే వ్రాసుకొన్న 'లెమన్', యొనెజు కెన్షి 2018లో పాడినది, మంచి పాటయే. పోటీ ముగిసిన పిదప పాడుకొనుము.

దానికి మాఱుగా సెన్ మసఒ పాడిన 'కితగుని నొ హరు' నేర్చుకొనుము. 1977 నాటిది, ఉత్తరదేశపు వసంతమని అర్థము. దాని తోక 'రు'. మనలో 'ళ', 'ణ' వచ్చినపుడు ఎదుటివాడు నోరు తెఱచినట్లే, 'రు'తో మొదలగు మాటలు అరుదగుటచే వారును తడబడుదురు. యమద కొసకు 1927లో కూర్చిన 'అకతొంబొ' మఱింత ఇష్టము నాకు: మధ్యమ నిషాదములు లేని ఐదు స్వరములు, అచ్చముగా మన మోహనము, వర్ణము సాధన చేసిన నీకు ఒక దినమున వచ్చును. కాని జాగ్రత్త, మొదటి పంక్తిలోనే మంద్రపంచమము నుండి తారషడ్జమునకు ఎగబ్రాకును. యంత్రమున శ్రుతి దించు మీట యుండును, సిగ్గుపడక నొక్కుము.

దీర్ఘాక్షరముల సంగతి ఆటకు ముందే మీ గురువు నడిగి తేల్చుకొనుము. 'అరుకో' వినుటకు ఓకారము, వ్రాతలో ఉకారము. మన 'నాటు నాటు' వారికి 2022 అక్టోబరులో ఆ చిత్రము విడుదలైన నాటినుండి తెలిసినదే. వారి లిపిలో 'టు' లేనందున 'తొ' ప్రక్కన చిన్న 'ఉ' చేర్చి వ్రాయుదురు. ఆ ఉకారము చెల్లునందురా, నా సుకియాకికి దారి దొరకినట్లే.

నిన్న రాత్రి కరెంటు పోయినపుడు మీ అవ్వకు ఈ నియమము చెప్పి ఆడి చూచితిని. ఆమె "చేప" యనగా నేను ఊరి యభిమానముతో "పాణ్యం" అంటిని. "ఓడిపోయినారు" అనెను. సున్న కాదు, పాణ్యము, ముకారాంతము అని వ్యాకరణము విప్పబోగా, "స్టేషన్ బోర్డు మీద సున్నే పెట్టినారు, పోయి చూసుకోండి" అని లోపలికి పోయినది.

ఇట్లు
నీ తాత