పదునాఱు గడులు

1980వ సంవత్సరమున జపాను దేశపు రోలాండు సంస్థ టీ.ఆర్.-808 అను లయయంత్రమును వెలువరించెను. దానిపై వరుసగా 16 మీటలు. నాలుగేసి మీటలకు ఒక్కొక్క రంగు. 1996లో ఆ సంస్థయే ఎం.సి.-303 అను యంత్రమునకు ‘గ్రూవ్‌బాక్స్’ అను పేరు పెట్టెను. నేడు అట్టి వాద్యము పలకవంటి టాబ్లెట్టులో ఇమిడియున్నది.

తెరపై 16 గడులుండును. ఒక వెలుగు ఎడమనుండి కుడికి సాగి, తుదిచేరి, మరల మొదటికి వచ్చును. మనము తాకి గుర్తించిన గడికి వెలుగు వచ్చినప్పుడు ధ్వని పలుకును. 1, 5, 9, 13 గడులలో పెద్ద డోలును, 5, 13 గడులలో చిన్న డోలును ఉంచినచో నడక ఏర్పడును. ఆదితాళము నెఱిగిన బాలునకు ఇది వింత కాదు: ఎనిమిది అక్షరములు, అక్షరమునకు రెండేసి గడులు. ఆరక్షరముల రూపకమునకైనచో వరుసను 12 గడులకు కుదింపవలెను. పెక్కు యాప్‌లలో ఆ వీలు కలదు.

క్రొత్తగా నేర్చువాడు గడులన్నియు నింపును. వినవచ్చునది లయ కాదు, రొద. అప్పుడొక్కొక్క గడినే తీసివేయుచు వినవలెను. ఏ దెబ్బ తీసివేసినచో నడక కుంటువడునో, అది ఉండదగినది. తక్కినవి పోయినను లోటుండదు. యంత్రము కాలము తప్పదు గనుక కొందరు చేతితో తాళము వేయుట మానుదురు. అది పొరపాటు. యంత్రమును ఆపక ధ్వనిని మాత్రము తగ్గించి, కన్నులు మూసి తాళము వేసి, కొంతసేపటికి ధ్వనిని మరల పెంచినచో, తన చేయి ఎంత ముందునకు పరుగెత్తినదో వానికే తెలియును.