రోజూ వండే వంటలోనే బలం

ఆరోగ్యం కోసం ఖరీదైన పొడుల డబ్బాలు కొనక్కర్లేదండీ. వంటింట్లో ఉన్న సరుకులు, వీధిలోకొచ్చే కూరల బండి చాలు. ఇవన్నీ మా ఇంట్లో చేసి చూసినవే.

1. ఇడ్లీకి మినప్పిండిలో సగం ఇడ్లీ రవ్వ, సగం రాగిపిండి కలిపి రాత్రంతా పులియనివ్వండి. ఇడ్లీలు మెత్తగానే వస్తాయి, పిల్లలకు టిఫిన్‌లోనే కాల్షియం అందుతుంది.

2. ఉప్మాకి రవ్వ ఎంతో క్యారెట్, బీన్స్, బఠాణీ కూడా అంతే వేయండి. కొంచెం తిన్నా కడుపు నిండుతుంది, మధ్యాహ్నం దాకా ఆకలేయదు.

3. సెలవురోజున పెసలు నానబోసి, తడిబట్టలో మూటకట్టి మొలకలు రప్పించి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజులు పెసరట్టుకీ కూరకీ వెతుక్కునే పనుండదు.

4. పాలకూర పప్పు, తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండండి. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ మాత్రం వద్దు, అవి ఆ ఐరన్‌ని పట్టనివ్వవు.

5. బీరకాయ, సొరకాయ చెక్కు పారేయకండి. నూనెలో మగ్గించి పచ్చిమిర్చి, చింతపండుతో నూరితే పీచున్న పచ్చడి పైసా ఖర్చు లేకుండా సిద్ధం.

6. ముల్లంగి ఆకుని పప్పులో వేయండి, తోటకూర కాడల్ని పులుసు పెట్టండి. ఒక్క కట్టతో రెండు కూరలవుతాయి.

7. మునగాకు, కరివేపాకు నీడన ఆరబెట్టి, వేయించిన ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలు, చింతపండుతో కారప్పొడి కొట్టుకోండి. మొదటి ముద్ద నెయ్యేసుకుని దాంతోనే తినండి.

8. నువ్వులు దోరగా వేయించి పొడి చేసి ఉంచుకోండి. బీన్స్, పొట్లకాయ కూరల్లో చివర రెండు చెంచాలు చల్లితే రుచీ, కాల్షియం రెండూ పెరుగుతాయి.

9. దొండకాయ ముక్కల్ని ముందు ఆవిరి మీద ఉడికించి, తర్వాత వేయించండి. నూనె సగం మిగులుతుంది, గ్యాసూ కలిసొస్తుంది.

10. కూరగాయలు కడిగాకే తరగండి. ఉడికించిన నీళ్లు మిగిలితే చారులో పోయండి, లేకపోతే విటమిన్లు సింకు పాలే.

11. అన్నం వార్చే అలవాటుంటే గంజి పారబోయకండి. ఉప్పు, మజ్జిగ కలిపి తాగితే ఎండాకాలం కూల్‌డ్రింకు ఖర్చు తప్పుతుంది.

12. కొర్రలు పొద్దున్నే నానబోస్తే రాత్రికి త్వరగా ఉడుకుతాయి. పెరుగన్నంతో మొదలుపెట్టండి, ఇంట్లోవాళ్లు వంకపెట్టకుండా తింటారు.

13. బడి నుంచొచ్చిన పిల్లలకు బిస్కెట్ల బదులు అలసందల గుగ్గిళ్లో, బెల్లంతో చేసిన పల్లీ ఉండలో పెట్టండి. ఖర్చు తక్కువ, బలం ఎక్కువ.

అన్నీ ఒక్కరోజే మొదలుపెట్టకండి. ఈ వారం రెండు పట్టుకోండి, ఇంటిల్లిపాదికీ అలవాటయ్యాక మరో రెండు కలపండి.