వచ్చే దారి ఏదండీ? కలతల కాలంలో గల్ఫు ప్రయాణం: తరచూ అడిగే ప్రశ్నలు

కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు ఈ గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. రంగూన్‌ని మనం రంగం అన్నాం. అక్కడ మనవాళ్ళకి కోరంగి రేవు పేరు మీద కోరంగీలని పేరు పడింది. 1930 మేలో రంగూన్ రేవు కూలీల గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బ ఎక్కువగా పడింది తెలుగు కూలీల మీదే. 1941 డిసెంబర్ 23న జపాను బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన ఇల్లు చేరారు. చేరనివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. వెళ్ళేందుకు ఓడ ఎక్కడ ఎక్కాలో అందరికీ తెలుసు. వచ్చే దారి ఏదని మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

ఇప్పుడు రంగం స్థానంలో కువైట్, మస్కట్, దోహా వచ్చాయి. రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు వైపు ఈ పేర్లని పక్కూరి పేర్లలా పలుకుతారు. కింది ప్రశ్నలన్నీ అటువైపు జనం అడిగేవే.

టీవీలో యుద్ధం అంటున్నారు. వీసా వచ్చేసింది. వెళ్ళొచ్చాండీ?

ముందు 'వద్దు' అంటున్నది ఎవరో చూడండి. టీవీ మాట పక్కన పెట్టండి. విదేశాంగ శాఖ 'వద్దు' అంటే అందులో రెండు రకాలున్నాయి. ఒకటి నిషేధం, రెండోది సలహా.

నిషేధానికి ఉదాహరణ యెమెన్. 2017 సెప్టెంబర్‌లో, ఏ పని మీదైనా సరే అక్కడికి వెళ్ళకూడదని భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళందరికీ ఆంక్ష పెట్టారు. ఉరిశిక్ష పడ్డ కేరళ నర్సుని చూడటానికి కన్నతల్లి సైతం ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కి, 2023 డిసెంబర్‌లో అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. లిబియాకి 2016లో ఇలాగే నిషేధం పెట్టారు. నిషేధాలు పెడుతుంటారు, సడలిస్తుంటారు. అందుకే ఏజెంటు చెప్పాడని కాకుండా, టికెట్ కొనే రోజున విదేశాంగ శాఖ వెబ్‌సైటు చూడాలి. మీకు చూడటం రాకపోతే ఇంటర్ చదివే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

సలహా సంగతి వేరు. 2022 ఫిబ్రవరి 15న ఉక్రెయిన్‌లోని మన రాయబార కార్యాలయం, ఉండాల్సిన అవసరం లేనివాళ్ళు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్ళే ఆలోచన చేయమంది. క్లాసులు పోతాయనో, టికెట్ ధర చూసో మన తెలుగు పిల్లలు చాలామంది ఆగిపోయారు. 24న యుద్ధం మొదలైంది, గగనతలం మూసేశారు. చేతిలో ఉన్నది తొమ్మిది రోజులు. సలహాలో మాటలు ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి. వాటిని ఒక మెట్టు గట్టిగా చదువుకోవడం మంచిది.

నన్నడిగితే ఇంకొకటి కూడా చూడమంటాను: విమానాలు ఆగిపోతే నేల మీద దారుందా? 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు ఖతార్, కువైట్, బహ్రెయిన్, ఎమిరేట్స్ కొన్ని గంటలపాటు ఆకాశాన్ని మూసేశాయి. ఖతార్ నుంచి నేల దారి సౌదీకి తప్ప ఇంకెటూ లేదు. బహ్రెయిన్‌కి ఉన్నది సముద్రం మీద వంతెన, అదీ సౌదీకే. కువైట్‌కి ఒకవైపు సౌదీ, ఇంకోవైపు ఇరాక్. ఎటు వెళ్ళాలన్నా చేతిలో పాస్‌పోర్టు ఉండాలి, అవతలివాడు రానివ్వాలి. మస్కట్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం హార్ముజ్ జలసంధి దాటే పని లేకుండా బయటి సముద్రం ఉంది.

సలహా కాదని వెళితే నేరమా? రేపు ఇరుక్కుంటే ప్రభుత్వం వదిలేస్తుందా?

నేరం కాదు. ప్రభుత్వం వదిలేయదు కూడా. అయితే మిమ్మల్ని వెతికి పట్టుకోవాలంటే మీరు ఏదో ఒక జాబితాలో ఉండాలి కదా? దిగిన వారంలోగా రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. డబ్బు ఖర్చుండదు.

నా పాస్‌పోర్టు మీద ఏదో ముద్ర ఉందంటున్నారు. అదేంటి?

ఈసీఆర్. వలస తనిఖీ కావాలని అర్థం. పదో తరగతి పాసవనివాళ్ళకి మామూలుగా ఇదే వస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఇలాంటి పాస్‌పోర్టుతో 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి ఉండాలి. గల్ఫు దేశాలు ఆరూ, ఇరాక్, లిబియా, సిరియా, యెమెన్, సూడాన్, మలేసియా, థాయ్‌లాండ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పనులన్నీ ఈ-మైగ్రేట్ అనే పోర్టల్‌లో జరుగుతాయి. ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓంక్యాప్.

ఈ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకి 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. గల్ఫుకెళ్ళొచ్చిన ఆడవాళ్ళని అడిగి చూడండి, ఈ బీమా పేరు విన్నవాళ్ళు తక్కువ. తనిఖీ తప్పించుకుని వెళ్ళినవాళ్ళకి అది ఎలాగూ రాదు.

ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కమంటున్నాడు. అక్కడికెళ్ళాక మార్పిస్తాడట.

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఊళ్ళో ఎక్కువ కొంపలు ముంచేది ఇదే.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నా, చూడటానికి వెళుతున్నానంటే వలస అనుమతి అక్కర్లేదు. ఏజెంట్లు దూరేది ఆ సందులోంచే. ఎయిర్‌పోర్టులో ఏం చెప్పాలో పాఠం చెప్పిస్తారు: 'చెల్లెల్ని చూడటానికి', 'పదిహేను రోజులు', రిటర్న్ టికెట్ చేతిలో. దీనికి 'పుషింగ్' అనే పేరు కూడా ఉంది, వీళ్ళ భాషలో. శాంతిగా ఉన్న రోజుల్లో కొందరికి ఇది ఎలాగో గట్టెక్కుతుంది. కలత రోజుల్లో ఏమవుతుందో చూడండి. మీరు పనిచేస్తున్నట్టు మన ప్రభుత్వం దగ్గర రికార్డు ఉండదు, ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. వీసా గడువు దాటాక ఆ దేశం లెక్కలో మీరు అక్రమంగా ఉన్నవాళ్ళు, రోజుకింత జరిమానా. బయటపడే రోజున విమానం వచ్చినా ఎగ్జిట్ పర్మిట్ దగ్గర ఆగాలి.

కువైట్ వీసా అయితే నంబరు అడగండి. ఇళ్ళ పనికి ఇరవై నంబరు, కంపెనీ పనికి పద్దెనిమిది. ఇరవై మీద పంపి 'షాపులో ఉద్యోగం' అన్నాడంటే అబద్ధం చెబుతున్నాడు. 'ఆజాద్ వీసా' అంటే ఇంకా అబద్ధం. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. కఫీల్ (స్పాన్సరు) పేరు ఒకటి, పని ఇంకొకరి దగ్గర, దొరికితే జైలు మీకు.

ఏజెంటుకి ఎంత ఇవ్వాలి?

నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవచ్చు. రసీదు ఇవ్వాలి. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడొచ్చు. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకి లైసెన్సు ఉండదు, అతను మీ మేనమామ అయినా సరే.

పాస్‌పోర్టు సేటు దగ్గర ఉంది. గొడవ మొదలైతే ఎలాగండీ?

పాస్‌పోర్టు సేటుది కాదు, నిజానికి మీది కూడా కాదు. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది ఎల్లప్పుడూ భారత ప్రభుత్వ ఆస్తి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదంది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు ఇవ్వాలి అనీ అంది. చట్టం కువైట్‌లోనే ఉంది, పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది. ఈ రెంటికీ మధ్య మీరున్నారు.

కాబట్టి పని ఇక్కడే మొదలు పెట్టాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం, దిగాక ఇచ్చే బత్తాకా (గుర్తింపు కార్డు), అన్నిటికీ ఫోటోలు తీసి ఇంట్లో చదువుకున్నవాళ్ళ ఫోనులో పెట్టండి. జిరాక్సు కాయితాలు బీరువాలో ఇంకో జత. పాస్‌పోర్టు లేకపోయినా, నంబరు తెలిస్తే రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. గల్ఫులో మనవాళ్ళు దాన్నే ఔట్‌పాస్ అంటారు. ఒక్కసారి, ఒకే దారిలో, ఇంటికి రావడానికి పనికొస్తుంది. నంబరు కూడా తెలియకపోతే మీరు భారతీయులేనని తేల్చడానికి ఊరి నుంచి విచారణ జరగాలి. బాంబులు పడుతుంటే ఆ విచారణకి టైమెక్కడిది?

జీతం బాకీ ఉందని ఇల్లు దాటి పారిపోతే యజమాని పరారీ కేసు పెడతాడు. 'ఖల్లివల్లి' అయ్యామంటారు కదా, అదే. పారిపోయినా నేరుగా రాయబార కార్యాలయానికే వెళ్ళండి, తెలిసినవాళ్ళ గదికి కాదు. బాకీ జీతం కోసం ఆఖరి రోజు దాకా కూర్చోకండి. పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి వచ్చేయొచ్చు.

యుద్ధం వస్తే ప్రభుత్వం విమానాలు పంపుతుంది కదా?

పంపింది, చాలాసార్లు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడ లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులున్నారు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంతో మాట్లాడి వచ్చారు. ఎయిరిండియా 59 రోజుల్లో 488 సార్లు ఎగిరింది. అయితే విమానం కువైట్‌కి రాలేదు, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కి వచ్చింది. అక్కడిదాకా ఎడారిలో, ఇరాక్ మీదుగా, వెయ్యి కిలోమీటర్లకి పైగా బస్సుల్లో, లారీల్లో మనవాళ్ళే చేరుకోవాలి. 2023 ఏప్రిల్‌లో సూడాన్ నుంచి తీసుకొచ్చినప్పుడూ అంతే. ఖార్తూమ్ నుంచి సుమారు 800 కిలోమీటర్లు నేల మీద పోర్ట్ సూడాన్ చేరితే, అక్కడ నౌకాదళం ఓడ. ప్రభుత్వం పంపే విమానం మీ గుమ్మం ముందు దిగదు. గుమ్మం నుంచి విమానం దాకా ఉన్న దారే అసలు ప్రయాణం.

ఈ ఆపరేషన్లకి నదుల పేర్లు పెట్టడం అలవాటైంది: గంగ, కావేరి, సింధు. మన నది పేరు ఆ వరసలోకి ఎక్కే అవసరం రాకూడదు.

దానికి డబ్బు కట్టాలా అంటే, ఉక్రెయిన్ నుంచి తెచ్చినప్పుడు తీసుకోలేదు. కరోనా రోజుల వందే భారత్ విమానాలకి మాత్రం టికెట్ ఎవరికి వాళ్ళే కొనుక్కున్నారు. ఇది హక్కు అని చట్టంలో రాసి లేదు. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ళకి టికెట్ కొనడానికి ప్రతి రాయబార కార్యాలయంలోనూ భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంటుంది. 2009 నుంచి ఉంది. నోరు తెరిచి అడగాలి.

కువైట్ కథకి ఇంకో ముక్క ఉంది. ఆ యుద్ధం వల్ల దేశం విడిచి వచ్చినవాళ్ళకి ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 చొప్పున నిర్ణయించింది. వేరే ఏ నష్టమూ అడగనని రాసిస్తే 4,000, 8,000. అడిగిన రుజువు ఒక్కటే: ఆ నెలల్లో కువైట్ నుంచో ఇరాక్ నుంచో బయటికొచ్చినట్టు కాయితం. బస్సులో పారేసిన కాయితం ఖరీదు అంత.

అక్కడున్న మనిషి ఫోను ఎత్తట్లేదు. ఇక్కడ నుంచి ఏం చేయాలి?

రెండు రోజులు చూసి ఊరుకోకండి. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, నంబరు వస్తుంది. 1800 11 3090కి ఫోను చేయండి, డబ్బు పడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీకి చెప్పండి. కోనసీమవాళ్ళకి అమలాపురం కలెక్టరేట్‌లోనే వలసలకంటూ ఓ కేంద్రం పెట్టారు. ఏజెంటు మోసం చేస్తే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. పాత 420 ఇప్పుడు 318 అయింది, అంతే తేడా. ఎక్కడికెళ్ళినా వాళ్ళు మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు.

మా అబ్బాయి బీటెక్. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, భోజనం, గది వాళ్ళదేనట.

చదువుకున్నవాళ్ళకి తనిఖీ ముద్ర ఉండదు, కాబట్టి ఎవరూ ఆపరు. బ్యాంకాక్‌లో దింపి, కారులో మే సోట్ తీసుకెళ్ళి, మోయి నది దాటిస్తారు. అవతలి ఒడ్డు మయన్మార్. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ప్రభుత్వాన్ని కూల్చినప్పటి నుంచి అంతర్యుద్ధంలో ఉన్న దేశం. అక్కడ మ్యావడ్డీ చుట్టుపక్కల సాయుధ ముఠాల నీడలో నడిచే కాంపౌండ్లలో కూర్చోబెట్టి సైబర్ మోసాలు చేయిస్తారు. 2025 మార్చిలో మన వైమానిక దళం మే సోట్ నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చింది. కంబోడియా మోసాల్లో చిక్కిన విశాఖ కుర్రాళ్ళ సంగతి 2024లో బయటపడింది. తాతలు రంగానికి వెళ్ళేటప్పుడు ఆ దేశం పేరైనా తెలుసు. ఈ పిల్లలకి ఏ దేశంలో ఉన్నారో నది దాటాక గానీ తెలియట్లేదు.

చదువు, అనుభవం ఉంటే చాలనుకోవద్దు. 2015 జూలైలో లిబియాలోని సిర్త్‌లో ఇద్దరు తెలుగు అధ్యాపకుల్ని ఉగ్రవాదులు ఎత్తుకెళ్ళారు. ఇంటికి బయల్దేరిన దారిలోనే, చెక్‌పోస్టు దగ్గర. విడిపించేసరికి 2016 సెప్టెంబర్ వచ్చింది.

ఇన్ని చెప్పారు. చివరికి వెళ్ళమంటారా, వద్దంటారా?

వలస అనుమతి, ఒప్పందం, బీమా చేతికొచ్చి, రెండు నెలల్లో వెనక్కి వచ్చేసినా ఇల్లు తాకట్టులో పోదు అనుకుంటే వెళ్ళండి. విజిట్ వీసా మీద, వడ్డీకి తెచ్చిన లక్షతో, ఇంట్లో పాస్‌పోర్టు జిరాక్సు కూడా ఉంచకుండా అయితే వెళ్ళకండి.